‘స్టార్ ట్రెక్’ను ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలి?

అమెరికన్ ధారావాహికల తొలి ఎపిసోడ్‌లంటే నాకు ఎంతో ఇష్టం. ‘స్టార్ ట్రెక్’ విషయంలో మాత్రం ఏది మొదట చూడాలో తేలడం లేదు. 1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీ టీవీ ఛానల్‌లో తొలుత ప్రసారమైనది ‘ద మ్యాన్ ట్రాప్’ అయినా, అంతకుముందే జెఫ్రీ హంటర్ కెప్టెన్ పైక్‌గా నటించిన పైలట్ (నమూనా ఎపిసోడ్) ‘ద కేజ్’ను ఆ సంస్థ కాదని, విలియం షాట్నర్‌తో రెండో పైలట్ తీయించింది, అది మూడో వారంలో గానీ ప్రసారం కాలేదు. పాడే నీలి ఆకులను తాకి, మామూలుగా భావాలు చూపని స్పాక్ పాత్ర చిరునవ్వు నవ్వే దృశ్యం కోసమైనా ‘ద కేజ్’తో మొదలుపెట్టాలని ఉంది. అయితే అందులోని భాగాలనే అదే సీజన్‌లో ‘ద మెనాజరీ’ అనే రెండు భాగాల కథలో వాడుకున్నారు కనుక, ముందే చూస్తే ఆ కథలోని ఉత్కంఠ పోతుందా? పూర్తిగా చూసినవారు దయచేసి సరైన వరుస చెప్పగలరు.