మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకాలు: మీకు నచ్చినవేవి?

అలిపిరి_మెట్లు:
కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' సగంలో ఆగిపోయింది. మొదటి భాగం ఆపకుండా చదివించింది, మధ్యలోకి వచ్చేసరికి అన్నీ లెక్కలు, పందేలు, ప్రాబబిలిటీలు. నిద్రొస్తోంది. మనుషులు ఎందుకలా ఆలోచిస్తారు, ఎందుకలా ప్రవర్తిస్తారు అనేదాని మీద మీరు చదివి మెచ్చినవి చెప్పండి. నవలలు వద్దు. తెలుగులో ఉంటే ఇంకా మంచిది, మా నాన్న కూడా చదువుతారు. అట్లాగే తిరుపతిలో పాత పుస్తకాలు చవగ్గా ఎక్కడ దొరుకుతాయి?

గాంధీరోడ్డు_బట్టలషాపు:
చాల్డీనీ 'ఇన్‌ఫ్లుయెన్స్'. 1984లో వచ్చింది, నా లెక్కలో ఇప్పటికీ దాన్ని మించింది లేదు. ప్రొఫెసర్ అయ్యుండి కూడా పాత కార్లు అమ్మేచోట, చందాలు వసూలు చేసేచోట ట్రైనింగులకు పోయి, వాళ్ళ కిటుకులన్నీ లోపలి నుంచి చూసి రాసినాడు. పెళ్ళి బట్టలకు వచ్చినవాళ్ళకు ఒక్క చీర కూడా విప్పకముందే నేను కాఫీ తెప్పిస్తా. తాగినాక ఊరికే లేచిపోవడానికి మొహమాటపడతారు. మా నాయన కాలం నుంచి ఇదే పద్ధతి, ఆయనేమో దాన్ని సూత్రమని పుస్తకంలో పెట్టినాడు.

కపిలతీర్థం_వాన:
ఓహో, అందుకా! మా అక్క పెళ్ళికి ఒక షాపులో కాఫీ తాగి, అనుకున్నదానికి రెట్టింపు ఖర్చుపెట్టి బయటపడ్డాం. ఇది మోసం కాదా?

గాంధీరోడ్డు_బట్టలషాపు:
కాఫీ ఇస్తే మోసమా మేడం? ఇవ్వకపోతే మర్యాద తెలీదంటారు.

సిస్టమ్_టూ:
ఎంఏ సైకాలజీ చేసినవాడిగా ఒక మాట. ఈ పాపులర్ పుస్తకాలు పట్టుకుని బతుకులు మార్చుకోకండి. కానెమన్ పుస్తకంలో ప్రైమింగ్ అధ్యాయమే తీసుకోండి, అంటే ఒక మాటో బొమ్మో చూపిస్తే మనకు తెలీకుండానే మన ప్రవర్తన మారుతుందనే వాదన. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు చదివించగానే కుర్రాళ్ళు మెల్లగా నడిచారని 1996 నాటి ప్రయోగం. 2012లో బెల్జియంలో అదే మళ్ళీ చేసి, నడకను సెన్సర్లతో కొలిస్తే తేడా రాలేదు. ప్రయోగం చేయించేవాళ్ళకు 'వీళ్ళు నెమ్మదిగా నడుస్తారు' అని ముందే చెప్పి ఉంచినప్పుడే వచ్చింది. అలాంటి చిన్న చిన్న ప్రయోగాలను అతిగా నమ్మానని 2017లో కానెమనే ఒప్పుకున్నారు. మీరు సగంలో ఆపేశారు కదా, నష్టమేమీ లేదు.

పద్మావతిపురం_అమ్మ:
సార్, మార్ష్‌మాలో టెస్ట్ గురించి కూడా కాస్త చెప్పండి. మా వాడి కోచింగ్ సెంటర్‌లో పేరెంట్స్ మీటింగ్ పెట్టి ఆ వీడియో వేశారు. కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నా, నాలుగేళ్ళప్పుడు మిఠాయి ముందు ఆగలేని పిల్లలు పెద్దయ్యాక వెనకబడతారంట, మా వాడు ఫోన్ ముందు ఆగలేడు కాబట్టి ర్యాంకు రాదంట! అందరి ముందూ వాడి పేరు చెప్పి మరీ అన్నారు. ఇంటికొచ్చి వాడు అన్నం తినలేదు.

సిస్టమ్_టూ:
2018లో తొమ్మిది వందల మందికి పైగా పిల్లలతో మళ్ళీ చూశారు మేడం. ఇంటి పరిస్థితి, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకునేసరికి ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. ఇది వెళ్ళి వాళ్ళ మొహాన చెప్పండి.

మదనపల్లె_టమాటా:
అమెరికా వాళ్ళను వదలండి సామీ. ఆలోచన గురించి జిడ్డు కృష్ణమూర్తిని మించి చెప్పినోడెవరు? 1895లో మా ఊళ్ళో పుట్టినాడు. 'ఫ్రీడమ్ ఫ్రమ్ ది నోన్' చదవండి. మన చిత్తూరు జిల్లావాడు.

సిస్టమ్_టూ:
అది తత్త్వం. డేటా ఎక్కడుంది? పైగా మదనపల్లె 2022లోనే చిత్తూరు జిల్లాలోంచి పోయింది.

మదనపల్లె_టమాటా:
1895లో ఏ జిల్లానో చెప్పప్పా మరి! గోల్డ్ మెడలిస్టువి కదా.

సిస్టమ్_టూ:
అప్పుడు కడప. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. మెడల్ గురించి నేనేం అనలేదు, అయినా ఉంది.

వేలూరు_రోడ్డు:
ఎవరూ 'స్కార్సిటీ' పేరెత్తలేదేంటి? సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, 2013. అందులో పరిశోధన జరిగింది మన పక్కనే, తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో, 464 మంది చెరుకు రైతులతో. అదే రైతుకు కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి బొమ్మల పజిల్స్ ఇచ్చారు. కోతకు ముందు మార్కులు తక్కువ. నన్ను కదిలించిన పుస్తకం ఇదొక్కటే.

చెరుకుతోట:
అంటే ఏందన్నా, కోత ముందర మేము తెలివితక్కువోళ్ళమా? పజిల్స్ ఇచ్చి రైతు బుర్ర కొలుస్తారా? ఎరువు, కూలి, కరెంటు, బ్యాంకు కంతు అన్నీ ఒకేసారి మోసేవాడి ముందర బొమ్మలు పెడితే ఏం చేస్తాడు?

వేలూరు_రోడ్డు:
అన్నా, పుస్తకం చెప్పేది కూడా సరిగ్గా అదే. మనిషి తెలివి తగ్గలేదు, అప్పుల ఆలోచన బుర్రలో చోటంతా ఆక్రమించుకుందని. పేదవాడు తప్పుడు నిర్ణయాలు చేసి పేదవాడయ్యాడు అనేవాళ్ళకు జవాబది.

సిస్టమ్_టూ:
పరీక్ష రెండోసారి రాస్తే ఎవరికైనా మార్కులు పెరుగుతాయి. మెథడాలజీలో ఇది మొదటి పాఠం.

వేలూరు_రోడ్డు:
మొదటి పాఠం వాళ్ళకూ తెలుసు సార్. కొందరు రైతులను పక్కనబెట్టి, కోత అయ్యాకే మొదటిసారి పరీక్షించారు. వాళ్ళ మార్కులు కూడా బాగానే వచ్చాయి. చదివి మాట్లాడండి.

సిస్టమ్_టూ:
నేను చదివినన్ని పేపర్లు మీరు చూసి కూడా ఉండరు. సీజన్ సంగతి? ఎండ, పండగలు, కోత పనిలో అలసట? ఇవన్నీ మారవా?

చెరుకుతోట:
దీనికి నేను చెప్తా. చెరుకు అందరిదీ ఒకేసారి కొట్టరు సార్. ఫ్యాక్టరీ రోజుకు ఇంతే ఆడుతుంది కాబట్టి వంతులుంటాయి. ఒకే ఊళ్ళో ఒకరికి సంక్రాంతికి ముందు కటింగ్ ఆర్డర్ వస్తే, పక్క గట్టువాడికి ఉగాది దాటినా రాదు. ఎండ ఇద్దరికీ ఒకటే. పేపర్లు చదివితే ఇది తెలీదు.

వేలూరు_రోడ్డు:
అన్నా, సరిగ్గా అందుకే వాళ్ళు చెరుకు రైతులను తీసుకున్నారు!

సిస్టమ్_టూ:
సరే. 2016లో అమెరికాలో పేదవాళ్ళను జీతం రోజుకు ముందూ తర్వాతా ఇలాగే పరీక్షిస్తే తేడా కనబడలేదు. దీనికేమంటారు?

చెరుకుతోట:
ఏమంటాం? జీతం మళ్ళీ పదిహేను రోజులకో నెలకో వస్తుంది. మాది ఏడాదికొకసారి. అదీ తోలిన వెంటనే రాదు, మా ఫ్యాక్టరీ వాళ్ళు బిల్లు నెలల తరబడి ఆపినారు. రెండూ ఒకటేనా?

పీలేరు_బస్సు:
అంత బాధ ఎందుకు, గానుగ పెట్టుకుని బెల్లం వండుకోవచ్చు కదా అన్నా?

చెరుకుతోట:
వండేవాళ్ళను నువ్వు తోలు, పెడతా. కొలిమి ముందర నిలబడే కూలీలు దొరుకుతున్నారా యాడన్నా? తెల్లగా లేకపోతే మీరు కొనరు, తెల్లగా రావాలంటే హైడ్రోస్ అనే మందు వేయాల, వేస్తే మళ్ళీ మీరే తిడతారు.

కపిలతీర్థం_వాన:
మేము నల్లగా ఉండేదే కొంటాం. రుచి దానికే.

రేణిగుంట_రన్‌వే:
బెల్లం ఆపుతారా? అలిపిరి గారూ, రామచంద్రన్ 'ఫాంటమ్స్ ఇన్ ది బ్రెయిన్' చదవండి. షుగర్ వల్ల మా మామకు కాలు తీసేశారు. లేని కాలు నొప్పి పుడుతోందని రాత్రిళ్ళు కేకలు పెడితే ఇంట్లో అందరూ మనసు చెదిరిందనుకున్నారు. ఆ పుస్తకం చదివాకే అది మెదడులో జరిగే సంగతని వాళ్ళకు నచ్చజెప్పగలిగాను. అద్దం పెట్టి ఉన్న చెయ్యిని లేని చెయ్యిలా చూపించి, కొందరికి నొప్పి తగ్గించిన తీరు చదివి తీరాల్సిందే. 1998 నాటిదైనా పాతబడలేదు.

అలిపిరి_మెట్లు:
ఇది కచ్చితంగా తెప్పిస్తా. తెలుగులో ఏదైనా?

మదనపల్లె_టమాటా:
యండమూరి 'విజయానికి ఐదు మెట్లు'. మా తరం సగం దాంతోనే లేచింది.

సిస్టమ్_టూ:
అయ్యో దేవుడా.

మదనపల్లె_టమాటా:
ఏంది అయ్యో? ఇంటర్ తప్పి ఇంట్లో పడుంటే ఆ పుస్తకమే నన్ను లేపింది. నీ పేపర్లు ఎవరిని లేపినాయి?

మోడరేటర్:
వ్యక్తిగత విమర్శలు వద్దు. జిల్లాలు, బెల్లం, ఎరువుల ధరలు వేరే చర్చలో.

వేలూరు_రోడ్డు:
చెరుకుతోట అన్నా, 'స్కార్సిటీ' నా దగ్గరుంది. ఇంగ్లీషే గానీ కష్టంగా ఉండదు. చిత్తూరు వచ్చినప్పుడు తీసుకోండి.

చెరుకుతోట:
కటింగ్ ఆర్డర్ ఇంకా రాలేదన్నా. ఇప్పుడు చదివితే తలకెక్కదని మీ పుస్తకమే చెప్తోంది కదా, డబ్బులు పడినాక వస్తా.