సైకిల్ చెయిన్‌స్టే దగ్గర పగులు: ఫ్రేము వారంటీ ఎలా అడగాలి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

నా అల్యూమినియం హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న కొండ సైకిల్) కొని మూడేళ్లు కావస్తోంది. వీలు చిక్కినప్పుడల్లా అనంతగిరి కొండల్లో తొక్కుతాను. మొన్న బండి కడుగుతుంటే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) దగ్గర, చెయిన్‌స్టే (అక్కణ్ణుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టం) వెల్డింగును ఆనుకుని వెంట్రుకంత గీత కనిపించింది. లేచి నిలబడి తొక్కితే కిర్రుమంటోంది. ఫ్రేముకు జీవితకాల వారంటీ ఉందని కొన్నప్పుడు చెప్పారు. తీరా అడగబోతే ‘మీరే ఎక్కడో పడేసి ఉంటారు’ అని తిప్పి పంపుతారేమోనని అనుమానం. వారంటీ సాఫీగా దక్కినవారు ఉంటే ఎలా అడిగారో చెప్పగలరా?

జవాబు (విజయవాడ నుంచి, సైకిల్ మెకానిక్)

ముందు ఆ బండి ఎక్కడం ఆపండి. పగిలిన అల్యూమినియం ఎప్పుడు విడిపోతుందో చెప్పలేం. పైగా పగులు చూశాక కూడా తొక్కారని తెలిస్తే, కాదనడానికి కారణం మీరే చేతికిచ్చినట్టవుతుంది.

అది రంగు మీది గీతో, లోహంలోని పగులో చూడండి. మట్టి, జిడ్డు స్పిరిట్‌తో తుడిచి టార్చి ఏటవాలుగా వేయండి. దూదిని గీతకు అడ్డంగా లాగితే పోగులు చిక్కుకుంటే అనుమానించాల్సిందే. రంగు గీకి చూడాలని చేతులు దురద పెడతాయి. గీకవద్దు, ఆ పని కంపెనీవాళ్లకే వదిలేయండి.

తర్వాత ఫొటోలు. చెయిన్ వైపు నుంచి బండి మొత్తం, పగులు పక్కన రూపాయి నాణెం పెట్టి దగ్గరగా, బాటమ్ బ్రాకెట్ అడుగున చెక్కిన సీరియల్ నంబరు. వీటికి బిల్లు జతచేసి, ఎప్పుడు చూశారో, ఎలా చప్పుడు వస్తోందో నాలుగు ముక్కల్లో రాయండి. మా దుకాణం నుంచి పంపినవాటిలో త్వరగా తెమిలినవన్నీ ఇలా వెళ్లినవే. తిట్లతో మొదలైన ఉత్తరం ఎవరి బల్ల మీదైనా అడుక్కే పోతుంది.

పడిన మాట నిజమైతే దాచకండి. సొట్ట చూస్తే నాకే తెలుస్తుంది, వాళ్లకు తెలియదా? అలాంటప్పుడు కొన్ని కంపెనీలు తగ్గింపు ధరకు ఫ్రేము ఇస్తాయి. క్రాష్ రీప్లేస్‌మెంట్ అని అడగండి.

జవాబు (అమెరికాలోని శాన్ హోసే నుంచి)

నా అనుభవం మంచిదే. మా కొండ దాటితే శాంటాక్రూజ్. ఆ ఊరి పేరే పెట్టుకున్న కంపెనీ తన ఫుల్ సస్పెన్షన్ బండ్లకు, మొదటి యజమానికి, ఫ్రేము వారంటీతో పాటు పివట్ బేరింగులు (వెనక సస్పెన్షన్ కదిలే కీళ్లలోవి) కూడా జీవితకాలం ఉచితంగా ఇస్తుంది. బేరింగులంటే అరిగిపోయే సామానే, మామూలుగా ఏ వారంటీలోకీ రావు. నావి బిగుసుకుపోయినప్పుడు సీరియల్ నంబరుతో అడిగాను, కొత్తవి పోస్టులో వచ్చాయి. బిగించే కూలి మాత్రం మనదే. నాకు ఫ్రేము బరువు కంటే ఇదే పెద్ద ఆకర్షణ. ‘మొదటి యజమాని’ అన్న షరతు మాత్రం మరవకండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఈ సౌకర్యాలన్నీ ఉంటాయనుకోవద్దు.

జవాబు (బెంగళూరు నుంచి)

మన దేశంలో కంపెనీ పేరు కంటే డీలరు ముఖ్యం అంటాను. నా సస్పెన్షన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కాళ్లు) నూనె కారితే డీలరే విప్పి, డిస్ట్రిబ్యూటరుకు పంపి, సీళ్లు మార్పించి ఇచ్చాడు. నేను ఒక్క ఫోను కూడా చేయలేదు. అదే మా బావమరిది అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చిన డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే సీటు కిందికి దిగే కడ్డీ) పాడైతే ఇక్కడ దిక్కులేదు. కొన్న దుకాణానికే తిరిగి పంపమన్నారు.

‘జీవితకాలం’ అన్న మాట ఏ భాగానికి వర్తిస్తుందో చదువుకోవాలి. డెకాథ్లాన్ సైకిళ్లకు ఆ హామీ ఫ్రేము, స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను ఫోర్కుకు కలిపే ముక్క), హ్యాండిల్‌బార్, సస్పెన్షన్ లేని ఫోర్కులకే. మిగతావాటికి రెండేళ్లు. గేర్లు, బ్రేకులు చేసే షిమానో భాగాలకు రెండేళ్లయితే, వాళ్ల ఖరీదైన ఎక్స్‌టీఆర్ రకానికి మూడు. రాక్‌షాక్స్ ఫోర్కు కింది కాళ్లకు 50 గంటలకోసారి సర్వీసు చేయించమంటారు, కాబట్టి ఆ రసీదులు దాచుకోండి.

డీలరు అసలు పట్టించుకోకపోతే 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. దూది చిక్కుకుంది, పగులే. చెప్పినట్టే ఫొటోలు, బిల్లు పంపాను. డీలరు మర్యాదగానే మాట్లాడి, కంపెనీకి పంపుతామన్నాడు. నా మోడల్ ఇప్పుడు తయారు కావడం లేదట, ఒప్పుకుంటే కొత్త మోడల్ ఫ్రేము ఇస్తారట.

జవాబు (విజయవాడ నుంచి)

అయితే సంతకం పెట్టేముందు వెనక చక్రం ఇరుసు దగ్గర వెడల్పు ఎంతో అడగండి. మీది క్విక్ రిలీజ్ (మీట తిప్పి చక్రం ఊడదీసే రకం) అయితే బహుశా 135 మిల్లీమీటర్లు. కొత్త ఫ్రేములు చాలావాటికి 148 మిల్లీమీటర్ల బూస్ట్ యాక్సిల్. పాత చక్రం అందులో కూర్చోదు. సీట్ పోస్టు మందం, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగులు) రకం కూడా కనుక్కోండి. ‘ఈ ఫ్రేముకు సరిపోయే చక్రం కూడా ఇస్తారా, లేదా తగ్గింపు ధరకైనా ఇస్తారా?’ అని ఇప్పుడే, రాతపూర్వకంగా అడగండి. ఫ్రేము చేతికొచ్చాక అడిగితే పలికేవాళ్లు తక్కువ.