కెంట్ స్టేట్, 1970: కుర్రాళ్లను చీల్చింది నిరసనలా, డ్రాఫ్టా (సైన్యంలోకి నిర్బంధ భర్తీ)?

శేషు_ఒహాయో:
పోయిన నెల అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కెంట్ స్టేట్ యూనివర్సిటీ చూశాను. అక్కడి పార్కింగ్‌లో నాలుగు చోట్ల కార్లు పెట్టనివ్వరు. చుట్టూ పొట్టి దీపస్తంభాలు, మధ్యలో ఖాళీ. 1970 మే 4న నేషనల్ గార్డ్ (రాష్ట్రాల రిజర్వు సైన్యం) కాల్పుల్లో చనిపోయిన నలుగురు విద్యార్థులు పడిపోయిన జాగాలవి. అధ్యక్షుడు నిక్సన్ వియత్నాం యుద్ధాన్ని కంబోడియాలోకీ తీసుకెళ్లాడని నిరసన. 13 సెకన్లలో 67 తూటాలు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, వాళ్లింట్లో అన్నదమ్ములు ఇప్పటికీ ఆ మాట ఎత్తరట. ఆ తరాన్ని చీల్చింది నిరసనలేనంటారా?

పాత_పేపరు:
నిరసనలే. మే 2 రాత్రి అదే క్యాంపస్‌లో ఆర్‌ఓటీసీ భవనం (మన ఎన్‌సీసీ లాంటిది) తగలబడింది. ఆర్పడానికొచ్చిన ఫైరింజన్ పైపులు కోసేశారు. ఇక మామూలు జనం ఎటు మొగ్గుతారు? కాల్పుల తర్వాత గ్యాలప్ సర్వేలో 58 శాతం తప్పు విద్యార్థులదే అన్నారు. గార్డ్‌ది అన్నవాళ్లు 11 శాతం! మే 8న న్యూయార్క్‌లో భవన కార్మికులు నిరసనకారుల్ని వెంటపడి కొట్టారు.

నాగలక్ష్మి:
పేపరు గారూ, ఆ కార్మికులకు అంత కోపం ఎందుకు? కాలేజీలో ఉన్నవాడికి డ్రాఫ్ట్ వాయిదా. ఫీజు కట్టలేని ఇంటి పిల్లాడు నేరుగా యుద్ధానికి. పైగా లాటరీ ఒకటి. 1969 డిసెంబరు 1న పుట్టినతేదీల చీటీలు గాజు జాడీలోంచి తీశారు, మొదట సెప్టెంబరు 14 వచ్చింది. తేదీ ఎంత ముందు వస్తే పిలుపు అంత ముందు. ఒకే హాస్టల్ గదిలో ఒకడికి 10, ఇంకొకడికి 340 వస్తే? చదువైపోగానే ఒకడికి పిలుపు, రెండోవాడు హాయిగా ఉద్యోగానికి. ఇద్దరి మధ్య చిచ్చు పెట్టడానికి ఊరేగింపే కావాలా? ఆ తుపాకులు పట్టుకున్నవాళ్లలోనూ చాలామంది అదే వయసువాళ్లు. గార్డ్‌లో చేరితే వియత్నాం తప్పుతుందని చేరినవాళ్లు బోలెడంతమంది.

పాత_పేపరు:
డ్రాఫ్ట్ అన్యాయమే, కాదనను. కానీ పైపు కోసింది డ్రాఫ్ట్ కాదు కదండీ.

నాగలక్ష్మి:
కోసినవాళ్లు వేరు, చచ్చిపోయినవాళ్లు వేరు. ఆ నలుగురిలో శాండ్రా ష్యూయర్ క్లాసుకు నడిచి వెళ్తోంది, అంతే.

శేషు_ఒహాయో:
చనిపోయిన ఇంకొకడు విలియం ష్రోడర్ అయితే ఆర్‌ఓటీసీ విద్యార్థే. కాలిపోయింది వాళ్ల భవనమే. మరి ఇతన్ని ఏ పక్షంలో వేద్దాం?

పాత_పేపరు:
ఇది నాకు తెలియదు. నలుగురూ ఆందోళనకారులే అనుకున్నాను.