సమస్య: “మూగదైన బూర మోగెనౌర!”

ఈ వారం ఆటవెలది. ఒక షరతు: పూరణ క్లాక్సన్ చుట్టూ తిరగాలి. 1908లో అమెరికాలోని నెవార్క్‌లో లోవెల్-మెకానెల్ కంపెనీ తన కారు హారన్‌కు పెట్టుకున్న పేరది. గ్రీకు ‘క్లాజో’ అంటే కూతపెట్టడం. పళ్లచక్రం తిరుగుతూ రేకు మీది మేకును గీరితే “ఆ-ఊ-గా” అని అరిచేది. ఇటలీ, స్పెయిన్, పోలండ్ ఆ పేరును తమ స్పెల్లింగుల్లో రాసుకున్నాయి. ఫ్రెంచివారైతే క్రియనే చేసుకున్నారు: ‘క్లాక్సొనె’, అంటే హారన్ కొట్టడం.

మొదటి పూరణ:

పుట్టినింట నేడు పొల్లయ్యె నా మాట,
పారిసందు రోము పట్నమందు
క్లాక్సనన్న కేక కారుకారున నిల్చె,
మూగదైన బూర మోగెనౌర!

– ధార బాగుంది. ‘పొల్లయ్యె’ మాత్రం అతిశయోక్తి. అమెరికాలో కారును వదిలినా, ప్రమాద హెచ్చరిక అనే అర్థంలో ఆ మాట బతికే ఉంది. జలాంతర్గామి మునిగే ముందు మోగేది అదే కదా! ఇక జర్మన్లు దాన్ని గడప తొక్కనివ్వలేదు, వారికి ‘హూపె’ ఉంది.

రెండో పూరణ:

గాలి విషము నిండి కందకమ్ముల లోన
ముసుగులోని నోరు మూతపడగ
పిడిని చేత నొక్క పెడబొబ్బ వినవచ్చె,
మూగదైన బూర మోగెనౌర!

– మొదటి ప్రపంచయుద్ధం! బాకా ఊదాలంటే ముసుగు తీయాలి, తీస్తే ప్రాణం పోతుంది. నోటితో పని లేని బూర కనుక ‘మూగది’. సమర్థన దిట్టంగా ఉంది. గా-కం యతి కూడా సరే.

మూడో పూరణ:

చెవిటివారి కొరకు యంత్రమ్ము చేసిన,
చెవులు చీల్చు కూత చేసెనతడె!
బధిరుడొకడు కూడ పక్కకు తొలగెగా,
మూగదైన బూర మోగెనౌర!

– అమ్మా, ఇది హచిసన్ గారి కథ! విద్యుత్ శ్రవణయంత్రం చేసినవాడే ఈ బూరనూ చేశాడు. బధిరుడి చెవికి ప్రతి బూరా మూగదే, అదీ మోగింది. విరుపు నాకు ఎంతో నచ్చింది. కానీ మొదటి పాదంలో చె-యం యతి కుదరలేదు. ‘చేసిన’ అన్నాక ఎవరు చేశారో కూడా తేలలేదు.

– నిజమే గురువుగారూ. గణాలు లెక్కపెడుతూ యతిని మరిచాను. మాటలు అటుదిటు చేస్తే చాలునేమో:

చెవిటివారి కొరకు చేసి యంత్రమ్మును
చెవులు చీల్చు కూత చేసెనతడె!

– చాలు. ఈ వారానికి ఇదే నా ఓటు.