అప్‌డేట్: మా చింటూ మళ్ళీ తింటోంది

పోయిన నెల అడిగా కదా, మా లెపర్డ్ గెకో (ఒక రకం పెంపుడు బల్లి) చింటూ తొమ్మిది రోజులుగా ఏమీ తినట్లేదు, తోక సన్నబడిపోయింది, ఏం చెయ్యాలి అని. వెంటనే వెట్‌కి చూపించమన్న అక్కకి చాలా చాలా థాంక్స్. ఇక్కడ డాలస్‌లో ఎక్స్‌రే తీసి కడుపులో ఇసుక ఇరుక్కుందన్నారు, దాని పెట్టెలో ఆ ఇసుక పోసింది నేనే, ఎంత ఏడ్చానో. పెట్టెలో ఇసుకంతా తీసేసి పేపర్ టవల్స్ పరిచి, వేడి వైపు 32 డిగ్రీలు ఉండేలా థర్మోస్టాట్ పెట్టి, డాక్టర్ గారు చెప్పినట్టే రోజూ పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో, కాళ్ళు మునిగేంత వరకే, కూర్చోబెట్టా. ఆరో రోజు ఇసుకతో సహా రెట్ట వేసింది! నిన్న కాల్షియం పొడి అద్దిన పురుగుని చూపిస్తే తోక కొస వణికిస్తూ కాసేపు చూసి టక్కున పట్టేసింది. కొవ్వు దాచుకునేది తోకలోనే కాబట్టి అది మళ్ళీ లావయ్యేదాకా వారం వారం బరువు చూస్తుంటా, 41 గ్రాములకి పడిపోయింది, ఇవాళ 44.