స్క్రిప్ట్‌తో తీసిన స్క్రీన్‌షాట్లలో ఎరుపు నీలంగా వస్తోంది, అక్షరాల చుట్టూ మరకలు

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా ఇంటర్ పిల్లలకి ఎక్సెల్ నేర్పడానికి తెలుగులో నోట్స్ తయారుచేస్తున్నాను. ఒక్కో బొమ్మా చేత్తో తీయడం కష్టమై పైథాన్ స్క్రిప్ట్ రాశాను: ఎమ్‌ఎస్‌ఎస్ అనే స్క్రీన్‌షాట్ లైబ్రరీతో స్క్రీన్ తీసుకుని, నంపై అర్రేగా (అంకెల పట్టికగా) మార్చి, పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో జేపెగ్‌గా సేవ్ చేస్తుంది. మొదట్లో ఆర్‌జీబీఏని (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వాటితో పాటు పారదర్శకత చెప్పే ఆల్ఫా) జేపెగ్‌గా రాయలేనని ఎర్రర్ వచ్చింది, ఆర్‌జీబీకి కన్వర్ట్ చేస్తే పోయింది. కానీ ఎర్ర అక్షరాలు నీలంగా, పసుపు గడులు లేత నీలంగా వస్తున్నాయి. ఆకుపచ్చ మాత్రం ఆకుపచ్చగానే ఉంది. పైగా రంగు అక్షరాల చుట్టూ సిరా పాకినట్టు మరక, ఒత్తులైతే చదవడానికే లేదు. 140 బొమ్మలు తీసేశాను, సోమవారం కలర్ ప్రింట్‌కి ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఆకుపచ్చ మారలేదన్నారు చూడండి, గుట్టంతా అక్కడే ఉంది. ఎమ్‌ఎస్‌ఎస్ పిక్సెల్‌ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆల్ఫా అనే వరసలో ఇస్తుంది. పిల్లో మాత్రం ఎరుపు ముందుందనుకుని చదువుతుంది. కాబట్టి ఆ రెండూ తారుమారై, మధ్యలో ఉన్న ఆకుపచ్చ తన చోటే ఉండిపోయింది. మీరు పెట్టిన కన్వర్ట్ ఆల్ఫాని తీసేస్తుందంతే, వరస మార్చదు. నంపై దాకా వెళ్లకుండా, ఎమ్‌ఎస్‌ఎస్ బొమ్మకి ఉన్న ఆర్‌జీబీ ప్రాపర్టీనే (అందులో ఎరుపు ముందుంటుంది) నేరుగా పిల్లోలోని ఫ్రమ్‌బైట్స్ ఫంక్షన్‌కి ఇవ్వండి.

జవాబు 2:
మరకలు వేరే సంగతి, అవి జేపెగ్‌వి. పిల్లో మామూలుగా 75 క్వాలిటీతో సేవ్ చేస్తుంది, వెలుగుని ప్రతి పిక్సెల్‌కీ ఉంచి రంగుని మాత్రం రెండు బై రెండు, అంటే నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒకటే ఉంచుతుంది. ఫోటోలో అది కంటికి ఆనదు కానీ తెల్ల కాగితం మీద సన్నటి ఎర్ర గీత ఉంటే రంగు పక్కకి పాకుతుంది. మన వత్తులూ గుడులూ సన్నవి కదా, ముందు అవే చెడతాయి. స్క్రీన్‌షాట్‌ని ఏ సమాచారమూ పారేయని పీఎన్‌జీ ఫార్మాట్‌లోనే దాచండి అన్నా. జేపెగ్ తప్పదంటే క్వాలిటీ 95, సబ్‌శాంప్లింగ్ (ఇలా రంగుని కలిపేసే సెట్టింగ్) 0 పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ మార్చాను, రంగులు సరిగ్గా వచ్చాయి, మరకలూ పోయాయి, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. అయితే బాగా పెద్దది చేసి చూస్తే నల్ల అక్షరాల అంచుల్లో ఒకవైపు ఎర్రగా, ఇంకోవైపు నీలంగా సన్నని గీత కనిపిస్తోంది. పాత 140 బొమ్మల్ని పీఎన్‌జీగా మార్చేస్తే సరిపోతుందా?

జవాబు 3:
ఆ గీత మీ స్క్రిప్ట్ తప్పు కాదు. విండోస్‌లో క్లియర్‌టైప్ ఆన్‌లో ఉంటే అక్షరం నున్నగా కనబడాలని పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్ని విడివిడిగా వాడుకుంటుంది. స్నిప్పింగ్ టూల్‌తో తీసి అంతే పెద్దది చేసి చూడండి, అందులోనూ ఉంటుంది. స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి టిక్ తీసేసి, ఆ ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచి తీయండి.

పాతవాటిలో ఎరుపు, నీలం తిరగేస్తే రంగులు వెనక్కి వస్తాయి. కానీ పాకిన రంగు రాదు, జేపెగ్ పారేసిన సమాచారాన్ని పీఎన్‌జీ ఎక్కడి నుంచీ తేలేదు. స్క్రిప్ట్ ఉంది కదా, రంగు అక్షరాలున్న బొమ్మల వరకైనా మళ్లీ తీసేయండి, మిగతావాటికి తిరగేస్తే చాలు.