అనోవా తేడా ఉందంటోంది, టూకీ లేదంటోంది: ఏది రాయాలి?

బెంగళూరులో మా మిద్దె మీద టమాటా మొక్కలతో చిన్న ప్రాజెక్ట్. ఎర్రమట్టి, కోకోపీట్ మిశ్రమం, వర్మీకంపోస్ట్ మిశ్రమం: ఒక్కోదానికి 10 కుండీలు. 45వ రోజు సగటు ఎత్తులు వరుసగా 61, 62, 70 సెం.మీ.

ఎక్సెల్‌లో సింగిల్ ఫ్యాక్టర్ అనోవా (గ్రూపుల సగటులన్నీ సమానమేనా అని ఒకేసారి చూసే పరీక్ష): ఎఫ్ 3.60, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (గ్రూపుల, కుండీల సంఖ్యలను బట్టి వచ్చేవి) 2, 27, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.041. తర్వాత ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో టూకీ పరీక్ష (ఏ రెండు గ్రూపుల మధ్య తేడా ఉందో జతజతకూ చూసేది) చేస్తే ఏ జతకూ పి మామూలుగా వాడే హద్దు 0.05 లోపు రాలేదు. విడిగా టీ-టెస్ట్ (రెండు సగటులను మాత్రమే పోల్చే పరీక్ష) చేస్తే 61, 70 జతకు 0.05 లోపు వస్తోంది కానీ, జతజతకూ టీ-టెస్ట్ చేస్తే తప్పుడు ఫలితం వచ్చే అవకాశం పెరుగుతుందనే కదా అసలు అనోవా వాడేది! అనోవా గ్రూపుల మధ్య వ్యత్యాసాన్ని గ్రూపు లోపలి వ్యత్యాసంతో పోలుస్తుందని (ఎఫ్ అంటే ఆ నిష్పత్తే) తెలుసు. డేటా ఎంట్రీ మళ్లీ సరిచూశాను, బాక్స్‌ప్లాట్‌లో విడిగా పడ్డ విలువలేవీ లేవు.

ఇలాంటప్పుడు వర్మీకంపోస్ట్‌తో ఎత్తు పెరిగిందని రాయవచ్చా, లేక మూడు సగటులూ సమానం కావని మాత్రమే రాసి ఆపాలా?